కౌంటరు నుంచి సర్వరు దాకా: మేము చూసిన రిజర్వేషను కథ

ఈసారి కొంచెం పొడవుగా రాస్తాము, ఓపిక చేసుకొని చదవండి. మేము బడిలో చదివింది తమిళం. తెలుగు మా ఇంటి మాట. అక్షరాలు మాత్రం ఉద్యోగంలో చేరినాక స్టేషను బోర్డులు చూసి, తెలుగు పేపర్లు కూడబలుక్కొని నేర్చుకున్నవి. తప్పులు కనిపిస్తే చెప్పండి, దిద్దుకుంటాము.

పోయిన ఎండాకాలంలో మనవాళ్ళు పద్నాలుగు మంది గోదావరి చూడాలని రాజమండ్రి ప్రయాణం పెట్టుకున్న సంగతి మీకు తెలుసు. ఎవరెవరు వస్తారో తేలేసరికి ఆలస్యం అయింది. బెంగళూరు నుంచి కాకినాడ పోయే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కు తత్కాల్‌లో టికెట్లు తీయడం తప్ప వేరే దారి లేకపోయింది. ముప్పై ఏళ్ళకు పైగా రిజర్వేషను కౌంటర్లో కూర్చున్నవాళ్ళం కదా అని ఆ పని మా తలపైన పెట్టినారు. మాకు ఫోనులో వేళ్ళు ఆడవు. అందుకని మా వీధిలోనే ఇంజనీరింగు చదివే ఇద్దరు పిలకాయలను పిలిపించి, రెండు ఫోన్లు ఇచ్చి, వసారాలో కూర్చోబెట్టినాము. తత్కాల్‌లో ఒక టికెట్టుకు నలుగురే. పద్నాలుగు మందికి నాలుగు టికెట్లు కావాల. పేర్లు, వయసులు అన్నీ ముందే రాసి పెట్టుకున్నాము. పొద్దున పదకొండు కొట్టింది. సైటు బాగానే తెరుచుకుంది, డబ్బు బాగానే పోయింది. మొదటి రెండు టికెట్లు ఖాయం అయినాయి. మూడోదానికి వచ్చేసరికి వెయిటింగ్ లిస్టు. గోడ గడియారం చూస్తే పదకొండు దాటి మూడు నిమిషాలు.

"సర్వరు పాతదై ఉంటుంది తాతా. కొత్త సాఫ్ట్‌వేరు పెడితే అందరికీ దొరుకుతుంది" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"పెట్టినారప్పా. మేము చూస్తుండగానే నాలుగు సార్లు పెట్టినారు" అంటే వాడు నమ్మలేదు. వాడికి చెప్పాలనుకొని, మాటల్లో తేలక, ఇట్లా రాస్తున్నాము.

తళిలో రైలు లేదు. మన జిల్లా కేంద్రం కృష్ణగిరికీ ఈపొద్దు రైలు లేదు. తిరుప్పత్తూరు నుంచి కృష్ణగిరికి ఒకటి, మొరప్పూరు నుంచి ధర్మపురి మీదుగా హొసూరుకు ఒకటి చిన్న రైళ్ళు తెల్లవాళ్ళ కాలంలో తిరిగేవి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అవి పోయినాయి, పట్టాలు పీకేసినారు. కాబట్టి మనకు రైలంటే హొసూరు, కాకపోతే బెంగళూరు. రైలు లేని ఊరి జనానికి రైలు టికెట్టు ఎట్లా దొరికేది, ఇప్పుడు ఎట్లా దొరుకుతుంది అనేదే ఈ కథ.

మేము ఉద్యోగంలో చేరినప్పుడు రిజర్వేషను అంటే రిజిస్టరు. ఒక్కో రైలుకు, ఒక్కో తేదీకి ఒక్కో పుట. స్లీపరు బోగీలో 72 బెర్తులు. ఒకటి నుంచి డెబ్భై రెండు దాకా వరుసగా గీతలు కొట్టి ఉండేవి. మీరు ఫారం నింపి ఇస్తే మేము ఆ పుట తీసి, ఖాళీగా ఉన్న గీతలో మీ పేరు, వయసు రాసి, అట్టముక్క టికెట్టు వెనక బోగీ నంబరు, బెర్తు నంబరు చేత్తో వేసి ఇచ్చేవాళ్ళము. ఆ అట్టముక్కను కనిపెట్టింది ఇంగ్లండులో ఎడ్మండ్‌సన్ అనే ఒక రైల్వే గుమాస్తా, 1830ల చివర. మా జాతివాడే. నంబరు వరుసగా అచ్చేసిన అట్ట, దానిపైన తేదీ గుద్దే యంత్రం. నూటాయాభై ఏళ్ళు ప్రపంచమంతా దాంతోనే రైలెక్కింది.

రిజిస్టరు ఒక్కటే కాబట్టి దాని ముందు గుమాస్తా ఒక్కడే. అందువల్ల ఆ రైలుకు క్యూ కూడా ఒక్కటే. మద్రాసు రైలుకు ఒక కిటికీ, హైదరాబాదు రైలుకు ఇంకో కిటికీ. ఒక కిటికీ ముందు ఈగలు తోలుకుంటూ ఉంటే పక్క కిటికీ ముందు వంద మంది. మేము పక్కవాడికి సాయం చేయాలన్నా చేయలేము, ఎందుకంటే పుస్తకం వాడి చేతిలో ఉంది. పోయేదానికి ఒక రైలు, వచ్చేదానికి ఒక రైలు కావాలంటే రెండు క్యూలు. వచ్చే రైలు వేరే ఊరి నుంచి బయలుదేరేది అయితే ఆ ఊరికి టెలిగ్రాము కొట్టాల, జవాబు వచ్చేదాకా ఆగాల. తళి నుంచి మొదటి బస్సు పట్టుకొని వచ్చినవాళ్ళు "రెండు రోజులాగి రండి" అని మా నోటితో వినిన పొద్దులు ఎన్నో.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాల. ఆ పుస్తకం చేతిలో ఉన్నవాడికి అధికారం ఉండేది. ఖాళీ ఉందా లేదా అనేది వాడికి తప్ప ఎవరికీ తెలియదు. మాలో చాలామంది నిజాయితీగానే పని చేసినాము. కొందరు చేయలేదు. కిటికీ దగ్గర "లేదు" అనిన బెర్తు సాయంత్రం టీ అంగడి దగ్గర "ఉంది" అయ్యేది. ఎవరు, యాడ అని రాయము. చూసినాము, ఊరికే ఉన్నాము. అది మా తప్పు కూడా.

ఈ పుస్తకం తిప్పలు మన దేశానికే కాదు. జపానులో గుండ్రంగా తిరిగే బల్లపైన రిజిస్టర్లు పెట్టి, చుట్టూ గుమాస్తాలు కూర్చొని, కావలసిన పుస్తకం తమ ముందుకు రాగానే లాక్కొని రాసేవాళ్ళట. అది చాలక 1960లో మార్స్ అనే కంప్యూటరు పెట్టినారు. రైలు సీట్లు అమ్మే కంప్యూటర్లలో అదే ముందుది. అమెరికాలో విమానం కంపెనీలకూ అదే బాధ. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి సేబర్ అనే పద్ధతి తయారు చేసింది కూడా ఆ రోజుల్లోనే.

ఆ మూడు చోట్లా చిక్కు ఒక్కటే, దాన్ని మన పిలకాయలు గమనించాల. వేగం అంత పెద్ద చిక్కు కాదు. ఒకే బెర్తును ఇద్దరికి అమ్మకూడదు, అదీ అసలు చిక్కు. కాగితం పుస్తకం నెమ్మదే గానీ ఆ తప్పు జరగనిచ్చేది కాదు, ఎందుకంటే ఒక పుటపైన ఒక్క చెయ్యే రాయగలదు. వంద చేతులు ఒకేసారి రాయాల, అయినా ఒకే గీతపైన రెండు పేర్లు పడకూడదు. ఇంతవరకూ మారిన ప్రతి సాఫ్ట్‌వేరూ ఈ రెండు మాటల మధ్య చేసిన పోరాటమే.

మన దేశంలో మొదటి అడుగు 1985 నవంబరు 15న ఢిల్లీలో పడింది. ఇంప్రెస్ అని పేరు. రైల్వే, సీఎంసీ అనే ప్రభుత్వ కంపెనీ కలిసి చేసినారు. ఐబీఎం మన దేశం విడిచి పోయినప్పుడు, 1978లో, వాళ్ళ యంత్రాలను బాగుచేసే పని ఎత్తుకున్నది ఈ సీఎంసీయే. 1980ల చివరికల్లా బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకూ వచ్చేసింది. మా దక్షిణ రైల్వే స్టేషన్లు మద్రాసు యంత్రానికి తగులుకున్నాయి.

మొదట మేము భయపడినాము. నలుగురి పని ఒక యంత్రం చేస్తే మిగిలిన ముగ్గురూ ఏమి కావాల అని యూనియను మీటింగుల్లో మాట్లాడుకున్నాము. నల్ల తెరపైన పచ్చ అక్షరాలు. ఎలుక లేదు, బొమ్మ లేదు. రైలు నంబరు, స్టేషను కోడు, తరగతి, తేదీ, అన్నీ బట్టీ పట్టాల. రైలు పేరు చెప్తే నంబరు చెప్పడం నెల రోజుల్లో వచ్చేసింది. ఈపొద్దుకీ ఎవరైనా ఊరి పేరు చెప్తే మాకు ముందు దాని కోడు గుర్తొస్తుంది, ఊరు తర్వాతే.

భయం పోయింది గానీ ఒక వింత చూసినాము. ఏ కిటికీలో అయినా ఏ రైలుకైనా టికెట్టు. ఖాళీ కిటికీ, నిండిన కిటికీ అనే తేడా పోయింది. పది క్యూలూ సమానం అయిపోయినాయి. ఖాళీ ఉందో లేదో తెరపైన కనిపిస్తుంది, దాచేదానికి లేదు. టీ అంగడి బేరం పూర్తిగా పోయిందని చెప్పము గానీ, కష్టం అయింది. మాకు తెలిసినంతలో రైల్వేలో సామాన్యుడికి ఒక్కసారిగా ఎక్కువ మేలు జరిగింది అప్పుడే. తర్వాత వచ్చిన సైటు కంటే, ఆప్ కంటే.

అయితే అవి ఐదు ఊర్లలో ఐదు వేరు వేరు యంత్రాలు. ఒకదాని మాట ఇంకోదానికి తెలియదు. మద్రాసు యంత్రానికి తగులుకున్న మాకు, సికింద్రాబాదు నుంచి బయలుదేరే రైల్లో బెర్తు ఇచ్చేదానికి కుదరదు. పుస్తకాలు పోయి ఐదు పెద్ద పుస్తకాలు మిగిలినట్టు. తెలుగుదేశానికి పోయి రావలసిన మన హొసూరు, తళి, డెంకణికోట జనానికి ఇదే పెద్ద బాధ. పోయేది ఇక్కడ, వచ్చేది అక్కడ.

ఆ గోడ పగిలిన కథలో మనవాళ్ళు సంతోషపడవలసిన ముక్క ఒకటి ఉంది. రైల్వే తన సాఫ్ట్‌వేరు తానే రాసుకోవాలని 1986లో క్రిస్ అనే సంస్థను పెట్టుకుంది. వాళ్ళు రాసిన కొత్త సాఫ్ట్‌వేరు పేరు కాన్సర్ట్. దాన్ని మొదట ఎక్కించింది ఢిల్లీలో కాదు, సికింద్రాబాదులో, 1994 సెప్టెంబరులో. అక్కడ నిలబడినాక ఒక్కో కేంద్రానికీ పాకించి, 1999 ఏప్రిల్‌కు ఐదింటినీ ఒక వలగా కట్టినారు. అంటే నడుస్తున్న బండికి చక్రాలు మార్చినట్టు, ఐదేళ్ళ పాటు, రోజూ అమ్మకం నిలవకుండా చేసిన పని.

దీంట్లో ఉన్న చిక్కు ఏమంటే, మీరు బెంగళూరు కిటికీలో నిలబడి సికింద్రాబాదు నుంచి బయలుదేరే రైలుకు బెర్తు అడుగుతారు. మా టెర్మినలు మద్రాసును అడుగుతుంది, మద్రాసు సికింద్రాబాదును అడుగుతుంది, అది బెర్తు పట్టి పెట్టి జవాబు పంపుతుంది. ఆ జవాబు వచ్చే లోపల తీగ తెగిపోతే? బెర్తు అక్కడ అమ్ముడుపోయినట్టు, ఇక్కడ టికెట్టు రానట్టు అయితే? లేకపోతే డబ్బు తీసుకున్నట్టు, బెర్తు లేనట్టు అయితే? అట్లా సగంలో ఆగిన పనిని గుర్తు పెట్టుకొని, తీగ అతుక్కున్నాక అయితే పూర్తి చేయాల, కాకపోతే పూర్తిగా వెనక్కి తీసుకోవాల. సగం అనేది ఉండకూడదు. చదువుకున్న పిలకాయలు దీన్ని ట్రాన్సాక్షను అంటారు. మేము మాత్రం రోజూ ప్రింటరు వైపు చూస్తూ, అది కదలగానే ఊపిరి వదిలేవాళ్ళము.

తీగ తెగిపోవడం మాత్రం తరచు జరిగేది. "లింకు లేదు" అని అట్టపైన రాసి కిటికీలో పెట్టేవాళ్ళము. క్యూలో ఉన్నవాళ్ళకు లింకు అంటే ఏమో తెలియదు. మేము పని తప్పించుకొనేదానికి పెట్టిన బోర్డు అనుకొని తిట్టేవాళ్ళు. మూడు భాషల్లో తిట్లు తినినాము. తమిళంలో తిడితే బడి గుర్తొచ్చేది, తెలుగులో తిడితే ఇల్లు గుర్తొచ్చేది. కన్నడంలో తిడితే అంత బాధ అనిపించేది కాదు, ఎందుకో.

ఇంక మూడోది, మీ అందరికీ తెలిసిన సైటు. 2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్టులో టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. ఇంటి నుంచి కొంటే టికెట్టు కాగితం కొరియరులో వచ్చేది. కాబట్టి ప్రయాణానికి కొన్ని దినాలు ముందే కొనాల. 2005లో ఇంట్లోనే అచ్చు వేసుకొనే ఈ-టికెట్టు వచ్చింది. తర్వాత కాగితం కూడా వద్దు, ఫోనులో మెసేజీ చూపితే చాలన్నారు. మేము దాన్ని చూసి నవ్వుకున్నాము. కంప్యూటరు ఎవరింట్లో ఉంది, ఎవడు కొంటాడు అని. మా అంచనా ఎంత తప్పో చూడండి: ఈపొద్దు రిజర్వేషను టికెట్లలో నూటికి ఎనభైకి పైగా ఇంటర్నెట్టులోనే పోతున్నాయి.

ఇక్కడే రద్దీ స్వభావం మారింది. కౌంటరు దగ్గర రద్దీకి ఒక హద్దు ఉండేది. హాలు పట్టేంత మందే వస్తారు. సైటుకు గోడలు లేవు. దేశమంతా ఒకే నిమిషంలో ఒకే వాకిట్లో నిలబడుతుంది. పొద్దున ఎనిమిదికి ముందస్తు రిజర్వేషను తెరుస్తారు. 1997లో మొదలైన తత్కాల్ కూడా అప్పట్లో ఎనిమిదికే తెరిచేవాళ్ళు. రోజంతా ఖాళీగా ఉండే రోడ్డులో సంత బస్సులన్నీ ఒకే క్షణం వచ్చి దిగినట్టు. రోజుకు ఇన్ని లక్షల టికెట్లు అనే లెక్క సర్వరుకు పెద్ద బరువు కాదు. ఆ ఒక్క నిమిషమే బరువు. మిగతా రోజంతా దానికి పనే లేదన్నట్టు.

దీనికి మొదట చేసిన మందు సాఫ్ట్‌వేరు కాదు, గడియారం. 2012 జూలైలో తత్కాల్‌ను ఎనిమిది నుంచి పదికి జరిపినారు. 2015 జూన్‌లో ఏసీకి పది, మామూలు స్లీపరుకు పదకొండు అని రెండు ముక్కలు చేసినారు. ఏజెంట్లకు మొదటి అరగంట తలుపు మూసినారు. మా పాత సూపరు‌వైజర్లు కూడా ఇదే చేసేవాళ్ళు. క్యూ ఎక్కువైతే కిటికీ పెంచడం కాదు, వేళ మార్చడం. ఖర్చు లేని పని.

నాలుగోది 2014 ఆగస్టు 13న వచ్చింది. అప్పటి రైల్వే మంత్రి సదానంద గౌడ, మన పక్క రాష్ట్రం ఆయన, తెరిచినారు. క్రిస్ వాళ్ళే రాసిన కొత్త ఈ-టికెటింగు. అంతవరకూ నిమిషానికి 2,000 టికెట్లు ఇచ్చే పద్ధతి 7,200 ఇచ్చేటట్టు అయింది. ఒకేసారి లోపల ఉండగలిగినవాళ్ళు 40,000 నుంచి 1,20,000 అయినారు.

ఎట్లా చేసినారో మాకు అర్థమైనంత చెప్తాము. ఇంజనీర్లు నవ్వినా ఫరవాలేదు. మీరు సైటులోకి పోతే కొనేది ఒక్కసారి, చూసేది పదిసార్లు. ఈ రైల్లో ఉందా, ఆ తేదీన ఉందా, ఏసీలో ఉందా అని. మీరు ఎవరు, ఏ పుటలో ఉన్నారు, ఎవరి పేర్లు నింపినారు, ఇవన్నీ యంత్రం గుర్తు పెట్టుకోవాల. పాత పద్ధతిలో ప్రతి చిన్న మాటకూ లోపలి గదిలోకి పోయి అల్మారా తెరిచి చూసినట్టు, ప్రతిదానికీ డిస్కులో ఉన్న డేటాబేసు దాకా పోవాల. కొత్త పద్ధతిలో ఆ గుర్తులన్నీ యంత్రాల జ్ఞాపకంలోనే, చేతికి అందేటట్టు పెట్టుకున్నారు. అదీ ఒక యంత్రంలో కాదు, చాలా యంత్రాల్లో పంచి. జెమ్‌ఫైర్ అనే సాఫ్ట్‌వేరు దానికి వాడినారు. రద్దీ పెరిగితే పెద్ద యంత్రం కొననక్కరలేదు, ఇంకో చిన్న యంత్రం పక్కన చేరిస్తే సరి. ఒక గుమాస్తాకు పెద్ద కుర్చీ వేయడం కాదు, పక్కన ఇంకో పది మంది గుమాస్తాలను కూర్చోబెట్టడం. మా రోజుల్లో మేము యూనియనులో అడిగింది అదే, మాకు దొరకలేదు గానీ.

అయితే ఆ పది మందీ చివరకు పోయి రాయవలసిన పుస్తకం ఒక్కటే. బెర్తు ఖాయం చేసే ఆ ఆఖరి అడుగు పాత రిజర్వేషను యంత్రంలోనే. అక్కడ ఒక్క గీతపైన ఒక్క చెయ్యే. వాకిలి ఎంత వెడల్పు చేసినా లోపలి గీతలు పెరగవు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక రైల్లో పది స్లీపరు బోగీలు అనుకుంటే, బోగీకి 72 చొప్పున మొత్తం 720 బెర్తులు. దాంట్లో తత్కాల్‌కు వదిలేది కొంతే. నిమిషానికి 7,200 టికెట్లు ఇవ్వగల పద్ధతి ఆ కొంతను ఎన్ని క్షణాల్లో ఊడ్చేస్తుందో మీరే చెప్పండి. సాఫ్ట్‌వేరు నెమ్మదిగా ఉన్నప్పుడు ఖాళీలు అరగంట ఉండేవి. బాగుపడినాక రెండు మూడు నిమిషాలు. పిలకాయ అనిన మాటకు మా జవాబు ఇది. వాడికి మూడో టికెట్టు దొరకనిది సర్వరు పాతదని కాదు, సర్వరు బాగా పని చేసినందుకే. వాడికంటే ముందు నొక్కినవాళ్ళందరికీ అది సరిగ్గా ఇచ్చేసింది.

ఇక్కడ కౌంటరు వైపు నుంచి మేము చూసింది రాయకపోతే ఈ కథ సగమే అవుతుంది. ఉద్యోగం చివరి ఏళ్ళలో మేము తత్కాల్ కిటికీలో కూర్చున్నాము. ఏ స్టేషను అనేది వద్దు. నలుగురి పేర్లున్న ఒక ఫారం కొట్టి, డబ్బు లెక్కపెట్టి, చిల్లర ఇచ్చేదానికి మా వేగంలో ఒక నిమిషం పడుతుంది. ఆ ఒక్క నిమిషంలో దేశమంతా వేలమంది ఇళ్ళల్లో నుంచి నొక్కేసి ఉంటారు. క్యూలో మొదటి మనిషికి దొరికేది. రెండో మనిషికి దొరికితే అదృష్టం. మూడో మనిషికి మేము తలెత్తకుండానే "వెయిటింగ్" అనేవాళ్ళము.

ఒక పెద్దావిడ, మన డెంకణికోట వైపు మాట, కూతురు కాన్పుకు విజయవాడ పోవాలని వచ్చింది. చేతిలో ఫోను ఉంది గానీ మాట్లాడేదానికి మాత్రమే. మొదటి పొద్దు ఆమె క్యూలో ఐదో మనిషి. రెండో పొద్దు మూడో మనిషి. మూడో పొద్దు రాత్రే వచ్చి స్టేషనులో పడుకొని రెండో మనిషి అయింది. మూడు పొద్దులూ దొరకలేదు. "నాయనా, నేనేమి తప్పు చేసినాను, ఇంక ఎంత ముందు రావాల?" అని అడిగింది. పాత రోజుల్లో అయితే రాత్రంతా పడుకున్నవాళ్ళకు బెర్తు ఖాయం. క్యూ అంటే ఆమెకు తెలిసిన అర్థం అది. అసలు క్యూ ఇప్పుడు ఇక్కడ లేదమ్మా, ఎవరికీ కనిపించని చోట ఉంది అని ఎట్లా చెప్పేది? జనరల్ బోగీలో పోయింది. ఆ పొద్దు మేము అన్నం తినలేదు అని రాస్తే అబద్ధం అవుతుంది. తినినాము. కానీ ఆమె అడిగిన మాట మాత్రం మర్చిపోలేదు.

కనిపించని ఆ క్యూలో మనుషులే ఉన్నారా అంటే అదీ లేదు. మనిషి వేలికంటే ముందు పేర్లు నింపి నొక్కే దొంగ ప్రోగ్రాములు వచ్చినాయి. 2025 జూన్‌లో రైల్వే తానే చెప్పింది: తత్కాల్ తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లో లాగిన్ కోసం వచ్చేవాటిలో సగం దాకా ఆ బాట్లవే అని. రెండున్నర కోట్లకు పైగా లాగిన్లు మూసేసినామని కూడా చెప్పింది. అదే ఏడాది మే 22న పొద్దున పది గంటలకు ఒక్క నిమిషంలో 31,814 టికెట్లు పోయినాయట, అది రికార్డు. జూలై 1 నుంచి తత్కాల్‌కు ఆధార్ తప్పనిసరి చేసినారు. మా టీ అంగడి బేరగాడు ముప్పై ఏళ్ళ తర్వాత ప్రోగ్రాము వేషంలో తిరిగి వచ్చినాడు. ఈసారి వాడికి లోపలి గుమాస్తా సాయం కూడా అక్కరలేదు.

ఐదో మార్పు కూడా దారిలో ఉంది. నిమిషానికి 32,000 టికెట్లు ఇచ్చేది లక్షన్నర ఇచ్చేటట్టు చేస్తామని, ఖాళీలు చూసుకొనే ప్రశ్నలు నిమిషానికి నాలుగు లక్షల నుంచి నలభై లక్షలకు పెంచుతామని 2025 జూన్ చివర ప్రకటించినారు. చేయనీ, మంచిదే. మేము సాఫ్ట్‌వేరుకు శత్రువులం కాము. చేతి రిజిస్టరు రోజులు తిరిగి రావాలని కోరుకునేవాళ్ళను చూస్తే మాకు కోపం వస్తుంది, ఎందుకంటే ఆ పుస్తకం వెనక ఏమి జరిగిందో మాకు తెలుసు. కానీ లక్షన్నర వాకిళ్ళు తెరిచేవాళ్ళు ఇంకో రెండు బోగీలు తగిలిస్తే ఆ పెద్దావిడ లెక్క మారుతుంది. వాకిలి పని సాఫ్ట్‌వేరు ఇంజనీరుది. బోగీ పని వేరేవాళ్ళది. రెండో పని ఆలస్యం అయినప్పుడల్లా మొదటివాడు తిట్లు తింటున్నాడు, "లింకు లేదు" బోర్డు వెనక కూర్చొని మేము తినినట్టే.

రాజమండ్రి ప్రయాణం సంగతి: ఎనిమిది మంది రైల్లో, ఆరుగురు బస్సులో పోయి వచ్చినారు. బస్సులో పోయినవాళ్ళు మాతో కొన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు సర్దుకున్నారు.

వచ్చే ప్రయాణానికి తత్కాల్ వద్దు. ప్రయాణం దినానికి 60 రోజులు ముందు, పొద్దున ఎనిమిదికి రిజర్వేషను తెరుస్తారు. పోవాలనుకునేవాళ్ళు పేరు, వయసు, ఆధార్ నంబరు కాగితంపైన రాసుకొని మా వసారాకు వచ్చి ఇవ్వండి. గ్రూపులో ఆధార్ నంబర్లు పెట్టవద్దు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు కింది బెర్తు కావాలని ముందే చెప్పండి. ఫోను లేనివాళ్ళ పేర్లే మొదటి టికెట్టులో పెట్టాలని పిలకాయలకు చెప్పి ఉంచినాము.